బల్దియా ఆరోగ్య సేవలు: దోమల పొగ బండికి రెండు మార్కులు, నల్లా నీళ్లకు ఎనిమిది

వరంగల్‌లో జ్వరమంటే ఎంజీఎం పెద్దాస్పత్రి. ఓపీ చీటీ కోసం లైను, రక్త పరీక్ష, సెలైన్ సీసా... ఈ దారి అందరికీ తెలిసిందే. అయితే వానాకాలంలో ఆ లైన్లో నిలబడేవాళ్లలో చాలామంది జబ్బు మొదలైంది ఇంటి ముందు మోరీలోనో, నల్లా పైపులోనో, మేడ మీద మరిచిపోయిన కూలర్‌లోనో. ఈ మూడు చోట్లా పని బల్దియాది, అంటే నగర పాలక సంస్థది. అందుకే ఈసారి సమీక్షకు హోటల్‌నో ఫోన్‌నో కాకుండా, మనం ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టి కొనుక్కుంటున్న సేవలను తీసుకున్నాం. హనుమకొండ, కాజీపేట, వరంగల్ కలిసిన 66 డివిజన్ల మహానగరానికి రాసిందే అయినా జనగామ, పరకాల, నర్సంపేట మున్సిపాలిటీలకూ దాదాపు ఇదే లెక్క. మార్కులు పదికి. అవి ఏ ఆఫీసుకో వేసినవి కావు. సరిగ్గా చేస్తే ఆ పని ఒంటికి ఎంత మేలు చేస్తుంది, చేయడంలో ఎక్కడ బెడిసికొడుతుంది అని చూసి వేసినవి.

నల్లా నీళ్లతో మొదలుపెడదాం. దీనికి ఎనిమిది.

శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీదుగా వచ్చే నీళ్లు, ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువులు ఈ నగరం దాహం తీరుస్తాయి. ఫిల్టర్ బెడ్‌లో పటిక వేసి మడ్డి కూర్చోబెట్టి, ఇసుకలోంచి వడకట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకులకు ఎక్కిస్తారు. ఇక్కడిదాకా పెద్దగా వంక పెట్టాల్సింది ఉండదు. కథ మారేది ట్యాంకు దిగాకే. పైపులో పోతున్న కొద్దీ క్లోరిన్ ఖర్చవుతూ ఉంటుంది. అందుకే ట్యాంకు పక్కింట్లో గుప్పుమనే వాసన, గల్లీ చివరింట్లో ఏ వాసనా ఉండదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర తీసిన రీడింగ్ ఎంత బాగున్నా చివరింటికి అది సర్టిఫికెట్ కాదు. నీళ్ల సేవను కొలవాలంటే గల్లీలో ఆఖరి నల్లా దగ్గరే కొలవాలి.

ఆ కొలత మీరే తీసుకోవచ్చు. క్లోరిన్ టెస్ట్ కిట్ అంటే ఒక చిన్న గాజు గొట్టం, ఒక మందు సీసా, ఒక రంగుల పట్టీ, అంతే. నీళ్లు వదిలాక రెండు నిమిషాలు పారనిచ్చి, మెయిన్ లైన్ నుంచి నేరుగా వచ్చే నల్లా దగ్గర పట్టాలి. సంపులోవో మేడ మీది ట్యాంకులోవో పడితే లెక్క తప్పుతుంది, నిల్వ నీళ్లలో క్లోరిన్ ఎలాగూ తగ్గిపోతుంది. గొట్టాన్ని గీత దాకా నింపి, కిట్ మీద రాసినన్ని చుక్కలు వేసి, మూత పెట్టి ఒకసారి తలకిందులు చేయండి. ఆర్థోటొలిడిన్ కిట్ అయితే నీళ్లు పసుపు పచ్చగా మారతాయి. తెల్ల కాగితం ముందు పెట్టి, ఎండలో కాకుండా నీడలో, వెంటనే పట్టీతో పోల్చాలి. ఐదు నిమిషాలు ఆగి చూస్తే రంగు ముదిరి, లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. రంగే రాకపోతే ఆ పూట ఆ నీళ్లకు కాపలా లేదన్నమాట. అప్పుడు కాచి తాగడమే.

ట్యాంకు దిగాక నీళ్లు పాడయ్యే చోట్లు రెండున్నాయి. మొదటిది మోరీ. మన గల్లీల్లో ఇంటి కనెక్షన్ పైపు మోరీ గోడలోంచి దూరి, మురుగులో మునిగి ఇంట్లోకి వస్తుంది. నీళ్లు వదిలినంత సేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీళ్లే బయటికి కారతాయి. వాల్వ్ మూశాక ఒత్తిడి పడిపోతుంది, అదే చిల్లులోంచి మురుగు లోపలికి వస్తుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చే మసక నీళ్లు అవే. రెండోది మనం చేసే పాడు పని: నల్లాకు నేరుగా మోటరు బిగించడం. మోటరు పైపును పీలుస్తుంది. ముందు పక్కింటి వాళ్ల నీళ్లు, ఆ తర్వాత చిల్లుల్లోంచి మోరీ నీళ్లు. చివరింటికి నీళ్లు అందకపోవడానికీ, అదే గల్లీలో నలుగురికి కామెర్లు రావడానికీ కారణం ఒకటే కావచ్చు. బల్దియా చేయాల్సింది మోరీ దాటే ప్రతి పైపును మోరీ పైకి లేపడం, లేదంటే ఇంకో పెద్ద పైపు తొడుగులోంచి పోనివ్వడం. ఒక్కో కనెక్షన్‌కు మేస్త్రీ పూట పని. దీనికి శిలాఫలకం వేయడానికి చోటుండదు, అందుకే కాబోలు ఎప్పుడూ వెనకపడుతుంది.

వరద వచ్చి సంపు మునిగితే, 2020 ఆగస్టులో, 2023 జులైలో ఇక్కడ చాలా కాలనీలు చూసినట్టు, ముందు సంపు మొత్తం తోడి గోడలు రుద్ది కడగాలి. ఆ తర్వాత నింపిన నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్. దాన్ని మగ్గు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు చేరాక పైతేట మాత్రమే సంపులో పోసి, గంట ఆగాక వాడాలి. మూతి విప్పి నెలల తరబడి పెట్టిన సంచిలోని పౌడర్‌కు సగం సత్తువ కూడా ఉండదు. మోరీల పక్కన గీతలు గీసినట్టు చల్లే బ్లీచింగ్‌తో కంటికి తెల్లదనం తప్ప పెద్దగా జరిగేదేమీ లేదు. ఆ సంచులు సంపులకూ బావులకూ పోతే నయం.

ఇరవై లీటర్ల బబుల్ కొంటున్నాం, మాకు నల్లాతో పనేమిటి అనేవాళ్లకు ఒక మాట. ప్లాంటు నీళ్లలో చాలాసార్లు క్లోరిన్ మిగలదు. బబుల్ సరిగ్గా కడగకపోయినా, గ్లాసు ముంచి తీసినా, పడిన క్రిమిని చంపేది అందులో ఏమీ ఉండదు. 0.2 క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లు ఆ విషయంలో ఒక మెట్టు పైనే. రెండు మార్కులు ఎందుకు కోశామంటే, ఏ గల్లీ చివర ఎంత క్లోరిన్ వచ్చిందో వార్డు ఆఫీసు గోడ మీద వారానికోసారి రాసి పెట్టే అలవాటు ఉండాలి. అది లేనంత కాలం మంచి నీళ్లన్నది నమ్మకమే తప్ప కొలత కాదు.

ఇక దోమలు. పొగ బండికి రెండు మార్కులు, వారానికోసారి నిల్వ నీళ్లు పారబోసే శుక్రవారం డ్రై డేకి ఎనిమిది.

పొగ బండి వస్తే పిల్లలు వెంట పరుగెత్తుతారు, పెద్దలు కిటికీలు మూస్తారు. ఆ మూయడంతోనే సగం పని పోయింది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఉండేది ఇంట్లో: మంచం కింద, తెరల వెనక, కొక్కేనికి వేలాడే బట్టల్లో. ఒక పాలు మలాథియాన్ పురుగుమందుకు 19 పాళ్లు డీజిల్ కలిపి కొట్టే ఆ పొగ రోడ్డు మీద ఎగిరే దోమను చంపుతుంది, మూసిన తలుపు వెనక దోమను కాదు. ఇక వేళ సంగతి. ఏడిస్ కుట్టేది పగలు. పొద్దున ఎండ ముదరక ముందు, సాయంత్రం పొద్దు గూకక ముందు దాని తిరుగుడు ఎక్కువ. ఏడింటి తర్వాత పొగ బండి తిరిగితే దొరికేది ఎక్కువగా మోరీలో పుట్టే క్యూలెక్స్ దోమ. పైగా పొగ గుడ్డునూ లార్వానూ ముట్టుకోదు. ఇవాళ కొడితే ఎల్లుండికి కొత్త దోమలు రెక్కలు విప్పుతాయి. డెంగీ కేసు తేలిన ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ల లోపల పైరెత్రం అనే దోమల మందు స్ప్రే చేయడానికి మాత్రం అర్థముంది. ఆ రెండు మార్కులూ దానికే.

లార్వా దశలో పట్టుకోవడమే అసలు పని. గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి అన్నారు. వారం దాటితే లెక్క మనది కాదు, దోమది. కూలర్ ట్రేలోకి టార్చి వేసి చూడండి. నీటి పైన తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడే సన్నటి పురుగులు వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి. అరనిమిషం ఆగితే ఊపిరికి మళ్లీ పైకి వస్తాయి. అవే. నీళ్లు పారబోసి ఊరుకుంటే సరిపోదు. ఏడిస్ గుడ్లు నీటి గీతకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకని కొబ్బరి పీచుతోనో ప్లాస్టిక్ బ్రష్‌తోనో గోడ రుద్ది, ఆరబెట్టాలి. గోళెం, డ్రమ్ము, పక్షులకు పెట్టిన మట్టి చిప్ప, ఫ్రిజ్ వెనక ట్రే, పంక్చర్ షాపు ముందు పాత టైర్లు, కట్టే ఇంటి లిఫ్టు గుంత: సర్వేకు వచ్చినవాళ్లు ఇవి చూశారా, గేటు దగ్గర సంతకం పెట్టించుకుని పోయారా అన్నదే ఈ సేవకు పరీక్ష. ఆశా కార్యకర్త లోపలికి వస్తానంటే అభ్యంతరం చెప్పకండి, మేడ మీదికి కూడా తీసుకెళ్లండి.

మోరీల్లో, పారని గుంతల్లో లార్వాను చంపే టెమిఫాస్ మందు. 50 శాతం ఈసీ (నీళ్లలో కలిపే చిక్కటి ద్రవం) అయితే పది లీటర్ల నీళ్లకు రెండున్నర మిల్లీలీటర్లు, వారానికోసారి. మందు కలిపే బకెట్ దగ్గర కొలత గ్లాసు కనిపించకపోతే అందాజా మీద పోస్తున్నారని అర్థం. ఆయిల్ బాల్స్, అంటే వాడిన నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు మూటలు, నిలిచిన నీళ్లలోనే పనికొస్తాయి. నూనె పొర కమ్మితే లార్వాకు ఊపిరాడదు. పారే మోరీలో వేస్తే పొర నిలవదు, మూట మాత్రం మిగులుతుంది. పాడుబడ్డ బావులకు లార్వాను తినే గంబూషియా చేపలే నయం, ఒకసారి వదిలితే పని అవే చూసుకుంటాయి.

బస్తీ దవాఖానా: ఏడు.

తెలంగాణలో ఈ పద్ధతి 2018లో హైదరాబాద్‌లో మొదలై మిగతా పట్టణాలకు వచ్చింది. డాక్టరు, నర్సు, ఒక సహాయకుడు, ఉచితంగా చూడటం, గోలీలు, రక్త నమూనా తీసుకోవడం. నమూనా తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్ అనే సర్కారు ల్యాబ్‌కు పోయి ఫలితం ఫోన్‌కు వస్తుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇది బంగారం. నెలనెలా గోలీల కోసం పెద్దాస్పత్రి దాకా ఆటో ఖర్చు పెట్టాల్సిన పని లేదు. దీన్ని పూర్తిగా వాడుకోవాలంటే కొన్ని కిటుకులున్నాయి. నమూనాల బండి మధ్యాహ్నం దాకా ఆగదు, తెరవగానే పోవాలి. షుగర్ పరీక్షకు ఎనిమిది గంటలు ఖాళీ కడుపు ఉండాలి. రెండు ఇడ్లీలు తిని పదకొండింటికి పోతే వచ్చే అంకె ఇడ్లీలదే. బీపీ చూపించుకునే ముందు అరగంట చాయ్, బీడీ వద్దు. ఐదు నిమిషాలు కూర్చుని, చేయి బల్ల మీద ఆనించి చూపించుకోవాలి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో పట్టీ బిగిస్తే ఉన్నదానికంటే ఎక్కువే చూపుతుంది.

జ్వరమొచ్చిన మొదటి ఐదు రోజుల్లో డెంగీకి వైరస్ జాడ పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత దానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు చూసే ఐజీఎం. మూడో రోజున ఐజీఎం చేయించి "లేదు" అని వచ్చిందని ధీమాగా ఉండకూడదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే అది బస్తీ దవాఖానా పని కాదు, 108కి ఫోన్ చేయాల్సిందే. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని రోజుకు మూడుసార్లు ల్యాబ్ చుట్టూ తిరిగేవాళ్లు ఈ గుర్తులను చూడటం మరిచిపోతారు.

మూడు మార్కులు పోయింది వేళల దగ్గర. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. అడ్డా మీద నిలబడే కూలీ, గోదాములో హమాలీ, ఇళ్లలో పనిచేసే ఆమె ఆ వేళకు రావాలంటే ఆ రోజు కూలి పోవాలి. బీపీ గోలీలు మధ్యలో మానేసే వాళ్లలో ఎక్కువమంది వీళ్లే. వారంలో రెండు రోజులైనా సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచితే, కొత్త భవనం ఏదీ కట్టకుండానే ఈ ఏడు తొమ్మిదవుతుంది. ఇంకొకటి: డాక్టరు, మందులు వైద్య ఆరోగ్య శాఖ చూసుకుంటుంది, చాలాచోట్ల భవనం, నీళ్లు, శుభ్రత స్థానిక సంస్థ చూసుకుంటుంది. మందు లేదన్న ఫిర్యాదు, పైకప్పు కారుతోందన్న ఫిర్యాదు ఒకే కాగితం మీద రాస్తే రెండు ఆఫీసుల మధ్య అది నలిగిపోతుంది.

సెప్టిక్ ట్యాంక్ బండికి కూడా ఎనిమిది. దీని గురించి మనవాళ్లు మాట్లాడుకోరు కానీ, ఈ విషయంలో వరంగల్ పేరు దేశమంతా చెప్పుకున్నారు. భూగర్భ డ్రైనేజీ లేని ఇళ్లు ఎక్కువ కాబట్టి మలవ్యర్థాల నిర్వహణకు 2016లోనే ఇక్కడ నియమాలు తెచ్చారు. అమ్మవారిపేటలో శుద్ధి ప్లాంటు కట్టారు, రోజుకు 15 వేల లీటర్ల సామర్థ్యంతో. అంతకుముందు తోడిన మలం ఏ చెరువు పక్కనో, పొలాల్లోనో పోసి వచ్చేవాళ్లు. అదే నీళ్లు మళ్లీ బోరులోకి.

ఇంటి యజమాని వైపు నుంచి బెడిసికొట్టేవి మూడు. ఒకటి, నిండి పొంగేదాకా ఆగడం. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగుదాకా దించి, నెమ్మదిగా తీస్తే బురద ఎత్తు నల్లగా అచ్చుపడుతుంది. అది లోతులో మూడో వంతు దాటిందంటే బండిని పిలవాలి. మామూలుగా రెండు మూడేళ్లకు ఒకసారి. రెండు, మూత మీద టైల్స్ వేసేయడం. బండి వచ్చాక గడ్డపారతో టైల్స్ పగలగొట్టే ఖర్చు తోడే ఖర్చుతో సమానమవుతుంది. ఇల్లు కట్టేటప్పుడే రెండు గదులకూ రెండు మూతలు పైకి తేలేలా పెట్టించండి. మొదటి గది మాత్రమే తోడి "అయిపోయిందన్నా" అంటే ఒప్పుకోకండి. మూడు, బయటికి పోయే పైపును ఇంకుడు గుంతకు కాకుండా మోరీలో కలపడం. అప్పుడు ట్యాంకు ఉన్నా లేనట్టే. మూత తీశాక అరగంట గాలి ఆడనివ్వాలి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 చట్టం ప్రకారం నేరం, గుక్క తిప్పుకునే లోపు ప్రాణం పోయే వాయువులుంటాయి. ఎంత బతిమాలినా, ఎంత డబ్బు ఇస్తామన్నా ఎవరినీ దించకండి. లైసెన్సు ఉన్న బండినే పిలిచి, ఎక్కడ పోస్తారో అడిగి రసీదు తీసుకోండి.

ఓపెన్ జిమ్‌కు నాలుగు. వడ్డేపల్లి కట్ట, భద్రకాళి బండ్ మీద నడకకు తొమ్మిది వేయొచ్చు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు, దానికి కావాల్సింది చదునైన దారి, దీపం, నీడ, ఆడవాళ్లకు తాళం వేయని టాయిలెట్. ఇనుప యంత్రాలు బేరింగుల మీద బతుకుతాయి. మూడు నెలలకోసారి గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటాయి, ఏడాదికి ఊగిపోతాయి, ఆ తర్వాత బట్టలారేసుకోవడానికే. కొనేటప్పుడే మూడేళ్ల నిర్వహణ ఒప్పందం రాయించని ఏ జిమ్ అయినా పాత ఇనుమే. నీడకు మాత్రం డబ్బు లేదనే మాట చెల్లదు: 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టమంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. మొక్కలు లెక్కపెట్టాల్సింది నాటిన జులైలో కాదు, మే నెలలో.

చలివేంద్రాలు మంచివే, కానీ రంజన్ (నీళ్ల మట్టికుండ) రోజూ కడిగి, ముంచే గ్లాసు బదులు కుళాయి ఉన్న కుండ పెట్టాలి. లేదంటే వడదెబ్బ తప్పి విరేచనాలు పట్టుకుంటాయి. కుక్క కరిస్తే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పావుగంట కడగడం, అదే రోజు సూది. చర్మంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు దఫాలు, ఒక్కటీ తప్పకూడదు. మాంసం దుకాణాల వ్యర్థాలు రోడ్డు మీద పడటం ఆగకుండా కుక్కల గుంపులు తగ్గవు.

చివరగా, ఫిర్యాదు ఎలా రాయాలి. సోమవారం ప్రజావాణిలో "మా గల్లీ నీళ్లు బాగాలేవు" అని ఇస్తే దానికి వచ్చే జవాబు "పరిశీలించాం". ఇలా రాయండి: ఫలానా డివిజన్, ఫలానా కరెంటు స్తంభం నంబరు దగ్గరి గల్లీ, చివరి ఆరు ఇళ్లు, నీళ్లు వదిలిన పొద్దున ఆరున్నరకు మొదటి పది నిమిషాలు మసకగా వాసనతో వస్తున్నాయి, వరసగా మూడు సరఫరాల్లో క్లోరిన్ రంగు రాలేదు, పైపు మోరీ దాటే చోటు రెండో ఇంటి గేటు పక్కన, ఫోటో జత. కింద ఆరిళ్ల వాళ్ల సంతకాలు. రసీదు నంబరు తీసుకుని, జిరాక్స్ ఒకటి మీ ఏరియా వాల్వ్‌మన్ చేతిలో కూడా పెట్టండి. ఏ చిల్లు ఎక్కడుందో అతనికి ముందే తెలిసి ఉంటుంది.